ఏఐతో ఎలా బతకాలో చెస్ వాళ్లని అడగండి

దొమ్మరాజు గుకేశ్ 2019 జనవరిలో, పన్నెండేళ్ల ఏడు నెలల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. చెన్నైలో పెరిగినా తెలుగింటి పిల్లాడు కాబట్టి ఆ వార్త మన పేపర్లలోనూ బాగానే వచ్చింది. దానంతగా ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటుంది: ఆ హోదా వచ్చేదాకా అతని సాధనలో చెస్ ఇంజిన్, అంటే ఏ ఎత్తు మంచిదో లెక్కగట్టి చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాం, లేదు. కోచ్ విష్ణు ప్రసన్న కావాలనే దాన్ని దూరంగా ఉంచారు. అప్పటికే ఫోన్లో ఉచితంగా దొరికే ఇంజిన్ కూడా ప్రపంచ ఛాంపియన్‌ని ఓడించేంత బలంగా ఉంది, ఆ ఈడు పిల్లలు చాలామంది దాని ముందే కూర్చుని నేర్చుకుంటున్నారు, అలాంటి రోజుల్లో ఈ పిల్లాడు మాత్రం బోర్డు చూసి, తనే లెక్కలు వేసుకుని, ఎవరిది పైచేయో తన బుర్రతోనే తేల్చుకోవాల్సి వచ్చింది. సుమారు ఆరేళ్ల తర్వాత, 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

అలాగని అతను ఇంజిన్ అంటే గిట్టని మనిషి కాదు. ఈ స్థాయిలో ఓపెనింగులు, అంటే ఆట మొదట్లో వేసే ఎత్తులు, తయారుచేసుకోవడం అంటేనే ఇంజిన్‌తో పని, గుకేశ్‌కి సాయం చేసిన టీములో మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ కూడా ఉన్నారు, వాళ్లంతా చేసేది పెద్ద ఎత్తున మెషీన్‌తో వెతకడమే. అంటే ఇక్కడ వాడాలా వద్దా అనే గొడవే లేదు. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఏ పని తర్వాత దాని దగ్గరికి వెళ్లాలి అన్నదే లెక్క.

"ఏఐ వాడితే బుర్ర మొద్దుబారుతుంది" అని కొందరు, "వాడనివాడు వెనకబడిపోతాడు" అని ఇంకొందరు రోజూ తిట్టుకుంటున్నారు కదా, ఆ రెండు వైపులవాళ్లలో చాలామంది ఏఐని చూస్తున్నది నిన్నమొన్నటి నుంచే. చెస్ వాళ్లు 1997 నుంచి చూస్తున్నారు. ఆ ఏడాది మేలో న్యూయార్క్‌లో ఐబీఎం వాళ్ల డీప్ బ్లూ కంప్యూటర్ అప్పటి ప్రపంచ ఛాంపియన్ గారీ కాస్పరోవ్‌ని 3.5-2.5తో ఓడించినప్పుడు ఇక ఈ ఆట పని అయిపోయిందన్నారు. అవ్వలేదు సరే, మధ్యలో వాళ్లు నేర్చుకున్నవి మనకి ఇప్పుడు పనికొస్తాయి. ఎందుకంటే మనం "ఏఐ మీద ఆధారపడటం" అని ఒకే మూటలో కట్టేస్తున్నవి నిజానికి మూడు వేరువేరు ప్రశ్నలు. అది చెప్పింది సరైనదేనా? దాని జవాబు తీసుకుంటూ పోతే నాకొచ్చిన పని నాకు ఉంటుందా? చివరికి నిర్ణయం తీసుకున్నది ఎవరు? మూడింటికీ మందు ఒకటి కాదు.

చెస్‌లో మొదటి ప్రశ్న దాదాపు లేనట్టే. స్టాక్‌ఫిష్ లాంటి ఇంజిన్ ఈ ఎత్తు మంచిదంటే మనుషులు ఎవరూ దానితో వాదించే స్థితిలో లేరు. అయినా రెండో ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఇది గట్టిగా పట్టుకోవాల్సిన విషయం. "ఇప్పుడంటే ఏఐ తప్పులు చెబుతోంది, నాలుగేళ్లు ఆగితే అన్నీ సరిచేస్తారు, అప్పుడిక సమస్యే ఉండదు" అనేవాళ్లు చాలామంది ఉన్నారు. తప్పులే చెయ్యని మెషీన్ చేతికొచ్చాక కూడా ఒక కోచ్ తన శిష్యుడి చేతికి దాన్ని ఇవ్వలేదంటే, సమస్య దాని తప్పుల్లో మాత్రమే లేదన్నమాట.

చెస్ లైవ్ చూసేవాళ్లకి తెలుసు, బోర్డు పక్కన నిలువుగా ఒక తెలుపు నలుపు పట్టీ ఉంటుంది, ఎవరు ఎంత ముందున్నారో ఇంజిన్ లెక్కగట్టి అందులో చూపిస్తుంటుంది. సింగపూర్‌లో చివరిదైన పద్నాలుగో గేమ్‌లో అప్పటి ఛాంపియన్ డింగ్ లిరెన్ యాభై ఐదో ఎత్తుగా తన రూక్‌ని (ఏనుగుని) ఎఫ్2 గడిలో పెట్టగానే ఆ పట్టీ ఒక్కసారిగా ఒకవైపు పడిపోయింది. ప్రపంచమంతా ఫోన్లలో చూస్తున్నవాళ్లు, వారం క్రితం ఆట నేర్చుకున్నవాళ్లతో సహా, "అయిపోయాడు" అని అరిచారు. ఎదురుగా కూర్చున్న గుకేశ్‌కి మాత్రం కొన్ని క్షణాలు ఆ సంగతి తట్టలేదు, తర్వాత తనే చెప్పాడు. సరే, మరి ఆ క్షణాన ఎక్కువ తెలిసింది ఎవరికి? చూసేవాళ్లకి తీర్పు తెలుసు. గుకేశ్ మాత్రం రూక్‌లు మార్చుకుంటే, ఆ తర్వాత బిషప్‌లు కూడా మార్చుకోక తప్పదని, మిగిలేది రాజులూ బంటులే కాబట్టి తనకున్న ఒక్క బంటు ఆధిక్యంతో గెలుస్తానని బోర్డు మీద చూశాడు. పట్టీ తీసేస్తే చూసేవాళ్ల దగ్గర ఏమీ లేదు. ఏఐ ఇచ్చిన రిపోర్టు చదివి మీటింగులో మాట్లాడేవాళ్లలో సగం మంది పరిస్థితి ఇదేనని నా అనుమానం, ఎదురు ప్రశ్న ఎవరూ వెయ్యనంతవరకూ బయటపడదు.

ఇది చదువులోకి వస్తే ఎలా ఉంటుందో చూపించిన ఒక మంచి ప్రయోగం టర్కీలో జరిగింది. దాదాపు వెయ్యి మంది హైస్కూల్ పిల్లల్ని మూడు గుంపులు చేసి లెక్కలు సాధన చేయించారు. ఒక గుంపుకి పుస్తకాలు, నోట్సు మాత్రమే. రెండో గుంపుకి మామూలు చాట్‌జీపీటీ లాంటి టూల్. మూడో గుంపుకి అదే మోడల్‌ని, జవాబు నేరుగా చెప్పకుండా హింట్లు మాత్రమే ఇచ్చేట్టు మార్చి ఇచ్చారు. సాధన చేసేటప్పుడు రెండో గుంపు మొదటి గుంపు కంటే 48 శాతం మెరుగ్గా చేసింది, మూడోది ఏకంగా 127 శాతం. తర్వాత టూల్ తీసేసి పరీక్ష పెట్టారు. రెండో గుంపు, అసలు ఏఐ ముఖమే చూడని పిల్లల కంటే 17 శాతం వెనకబడింది. మూడో గుంపుకి అలాంటి నష్టం కనబడలేదు, అలాగని పెద్ద లాభమూ కనబడలేదు. నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించింది ఇంకొకటి: నష్టపోయిన పిల్లలకి తాము నష్టపోయినట్టు తెలియదు, బాగానే నేర్చుకున్నామనే అనుకున్నారు. మన ఇంటర్ పిల్లలకి ఇది కొత్త కాదు, గైడ్‌లో సొల్యూషన్ చూస్తుంటే ప్రతి స్టెప్పూ అర్థమైపోతుంది, పరీక్ష హాల్లో తెల్లకాగితం మీద మొదటి లైనే రాదు.

పిల్లల సంగతి సరే, ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లకేం అవుతుంది అనుకోవచ్చు. పోలండ్‌లో నాలుగు ఆస్పత్రుల్లో కొలనోస్కోపీ చేసే డాక్టర్ల మీద వచ్చిన పరిశీలన ఒకటి 2025 ఆగస్టులో లాన్సెట్ జర్నల్స్‌లో ఒకదాంట్లో అచ్చయింది. పెద్దపేగులో క్యాన్సర్‌గా మారగల గడ్డల్ని స్క్రీన్ మీద గుర్తుపట్టి చూపించే ఏఐని అక్కడ ప్రవేశపెట్టారు. అది అలవాటయ్యాక, ఏఐ లేకుండా చేసిన పరీక్షల్లో వాళ్లు గడ్డలు కనిపెట్టిన రేటు 28.4 శాతం నుంచి 22.4 శాతానికి పడిపోయింది. ఇది ముందు-వెనక పోల్చి చూసిందే, పక్కాగా కారణం తేల్చే ప్రయోగం కాదు, వేరే కారణాలూ ఉండొచ్చు. కానీ వీళ్లు ఫ్రెషర్లు కాదు కదా. చూపించేవాడు పక్కన ఉంటే కన్ను వెతకడం తగ్గిస్తుంది అన్నది అనుభవం ఉన్నవాళ్లకీ వర్తిస్తుందేమోనని గట్టిగా అనుమానించడానికి ఇది చాలు.

(ఇక్కడే ఒక మాట. "చాట్‌జీపీటీ వాడితే మెదడు పాడైపోతుందని ఎంఐటీ తేల్చింది" అని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. అది 2025 జూన్‌లో వచ్చిన 54 మంది మీద చేసిన చిన్న అధ్యయనం, అప్పటికి తోటి శాస్త్రవేత్తల పరిశీలన కూడా పూర్తికాలేదు, మెదడు పాడవడం లాంటి మాటలు వాడొద్దని రాసినవాళ్లే బతిమాలుకున్నారు. ఏఐ మీద సొంతంగా ఆలోచించమని చెప్పే మెసేజ్‌ని ఎవరూ ఆలోచించకుండా ఫార్వర్డ్ చేయడం కొంచెం ఎక్కువే.)

మళ్లీ చెస్‌కి వద్దాం. ఓడిపోయిన మరుసటి ఏడాది, 1998లో, కాస్పరోవ్ స్పెయిన్‌లోని లియోన్‌లో ఒక ప్రయోగం చేశాడు. తనూ బల్గేరియా గ్రాండ్‌మాస్టర్ వెసెలిన్ తొపలోవ్ చెరొక కంప్యూటర్ పక్కన పెట్టుకుని ఆడారు. అంతకు కొన్ని వారాల ముందే మామూలు ర్యాపిడ్ (తక్కువ టైములో ముగిసే) ఆటలో తొపలోవ్‌ని 4-0తో చిత్తు చేసిన కాస్పరోవ్, కంప్యూటర్లు వచ్చేసరికి 3-3తో సరిపెట్టుకున్నాడు. లెక్కలు వేయడంలో అతనికున్న ఆధిక్యాన్ని మెషీన్ సమం చేసేసింది. ఇదే సంగతి ఆఫీసుల్లో మళ్లీ కనబడింది. హార్వర్డ్ వాళ్లు బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్‌లో 758 మంది కన్సల్టెంట్ల మీద 2023లో చేసిన ప్రయోగంలో, ఏఐకి బాగా వచ్చిన పనుల్లో సగటు కంటే కింద ఉన్నవాళ్లు 43 శాతం మెరుగుపడితే పైన ఉన్నవాళ్లు 17 శాతమే మెరుగుపడ్డారు. అదే ప్రయోగంలో, పైకి అలాంటిదే అనిపించినా నిజానికి ఏఐకి చేతకాని ఒక సమస్య కూడా ఇచ్చారు. దాంట్లో ఏఐ వాడినవాళ్లు సరైన జవాబు చెప్పడం, వాడనివాళ్లకంటే 19 శాతం పాయింట్లు తక్కువ. తెలివైనవాళ్లే, కానీ నున్నగా రాసిచ్చిన తప్పు జవాబుని చూసి తమ ఆలోచన పక్కన పెట్టేశారు. ఏ పని ఏఐకి వచ్చు, ఏది రాదు అన్న గీత ఎక్కడుందో బయటికి కనబడదు, అదీ చిక్కు.

అప్పట్లో "మనిషి, మెషీన్ కలిస్తే మెషీన్ కంటే గొప్ప" అన్న నినాదం చెస్‌లో బాగా నడిచింది, 2005లో ఇద్దరు అమెరికన్ అమెచ్యూర్లు మూడు మామూలు కంప్యూటర్లతో, మెషీన్లున్న గ్రాండ్‌మాస్టర్లని కూడా దాటి ఒక ఆన్‌లైన్ టోర్నీ గెలిచారు. ఆ కథ ఇప్పటికీ మేనేజ్‌మెంట్ ప్రసంగాల్లో వినబడుతుంది. దాని తర్వాతి భాగం ఎవరూ చెప్పరు: ఇంజిన్లు ఇంకా బలపడేసరికి ఆ జోడీలో మనిషి చేయగలిగింది చాలా తక్కువైపోయింది. ఒక్కో ఎత్తుకి రోజుల తరబడి టైము తీసుకుని దూరం నుంచి ఆడే, ఇంజిన్ వాడుకోవచ్చని రూల్సే ఒప్పుకునే కరస్పాండెన్స్ చెస్‌లో ఇప్పుడు పెద్ద పోటీల్లో ఎక్కువ ఆటలు డ్రాలే. కాబట్టి మనిషి ఆలోచన ఎప్పటికీ అదనపు విలువ ఇస్తుందనే భరోసా నేనైతే ఇవ్వను. కొన్ని పనుల్లో ఇవ్వదు. అక్కడ ఆలోచించడానికి కారణం వేరేది ఉండాలి: నాకు రావాలి కాబట్టి, లేదా జవాబుదారీ నేనే కాబట్టి.

ఇక మనం రోజూ వాడేది స్టాక్‌ఫిష్ కాదు. చాట్‌బాట్. ఇవి వేరే జాతి. 2025 ఆగస్టులో గూగుల్ వాళ్ల కాగుల్ అనే సైటులో పెద్ద పెద్ద భాషా మోడళ్లకి చెస్ పోటీ పెడితే, వాటిలో ఒకటి రూల్స్ ఒప్పుకునే ఎత్తు వేయడమే చేతకాక గేమ్‌లు పోగొట్టుకుంది. చెస్ ఓపెనింగ్ గురించి ఇవి అందంగా నాలుగు పేజీలు రాస్తాయి, బోర్డు మీద పావు ఎక్కడుందో మర్చిపోతాయి. అంటే చెస్‌లో లేని మొదటి ప్రశ్న, సరైనదేనా అన్నది, ఇక్కడ మళ్లీ వచ్చి కూర్చుంటుంది. మీకు బాగా తెలిసిన శతకంలోంచి ఒక పద్యం అడిగి చూడండి. చాలాసార్లు మకుటం సరిగ్గానే ఉంటుంది, పై పాదాలు మాత్రం ఎవరూ రాయనివి, గణాలు కూడా సరిపోవు. పద్యం వచ్చినవాళ్లు నవ్వుకుని వదిలేస్తారు. రానివాళ్లు స్కూల్ వార్షికోత్సవం ఆహ్వాన పత్రిక మీద అచ్చేయిస్తారు.

న్యూయార్క్‌లో 2023లో ఒక విమాన సంస్థ మీద వేసిన కేసులో లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన పాత తీర్పులు కోర్టుకి సమర్పించారు, అసలు అలాంటి తీర్పులే లేవని తేలింది, ఐదు వేల డాలర్ల జరిమానా పడింది. ఈ కథ చాలామంది విన్నదే. నన్ను ఆపింది అందులోని చిన్న భాగం: ఆ లాయరు తనిఖీ చేయకుండా ఏమీ లేడు. ఈ కేసులు నిజమైనవేనా అని అడిగాడు. అడిగింది ఆ చాట్‌జీపీటీనే. నిజమైనవేనని అది చెప్పింది. మనలో చాలామంది తనిఖీ అనుకునేది ఇదే. "కచ్చితంగా చెబుతున్నావా?" అని అడగడం, "క్షమించండి, మీరన్నది నిజమే" అనిపించుకుని తృప్తిపడటం. దానికి మీరు గట్టిగా అడిగితే జవాబు మార్చే గుణం ఉంది, సరైనది చెప్పినప్పుడు కూడా మారుస్తుంది, కాబట్టి ఆ తనిఖీకి విలువ లేదు. బయట ఏదో ఒకటి ఉండాలి: జీవో కాపీ, తీర్పు పూర్తి పాఠం, కోడ్ అయితే మీరే రాసుకున్న టెస్టు, మందు సంగతైతే డాక్టరు.

ఇక్కడే మెలిక పడుతుంది. తప్పు పట్టుకోవాలంటే ఆ పని కొంతైనా వచ్చి ఉండాలి. ఆ పని రావాలంటే కొన్నాళ్లు స్వయంగా చేసి ఉండాలి. ఏఐ మొదట లాక్కునేది ఆ స్వయంగా చేసే చిన్న చిన్న పనుల్నే. లిసాన్ బేన్‌బ్రిడ్జ్ అనే సైకాలజిస్టు ఫ్యాక్టరీల ఆటోమేషన్ గురించి 1983లోనే ఇది రాసిపెట్టారు: మామూలు పనంతా మెషీన్‌కి ఇచ్చి, అది చేతులెత్తేసే కష్టమైన క్షణంలో మాత్రం మనిషిని రమ్మంటాం, ఆ క్షణానికి కావలసిన నైపుణ్యం ఆ మనిషి రోజూ వాడక పోగొట్టుకుని ఉంటాడు. నలభై ఏళ్లు దాటినా దీనికి పూర్తి మందు దొరకలేదు. విమానయాన సంస్థలు పైలట్లని అప్పుడప్పుడూ ఆటోపైలట్ ఆపేసి చేత్తో నడపమనేది ఇందుకే.

మరి మంచివైపు ఏమీ లేదా అంటే ఉంది, చాలా ఉంది. నలుపు తెలుపు రాళ్లతో ఆడే గో ఆటలో 2016 మార్చిలో ఆల్ఫాగో అనే ఏఐ, కొరియా మేటి ఆటగాడు లీ సెడోల్‌ని 4-1తో ఓడించాక, ప్రొఫెషనల్ ఆటగాళ్లు 1950 నుంచి 2021 వరకూ వేసిన 58 లక్షల ఎత్తుల్ని పరిశోధకులు లెక్కగట్టి చూశారు. ఏళ్ల తరబడి పెద్దగా మారని ఆట నాణ్యత, ఏఐ వచ్చాక పెరిగింది, అదీ మెషీన్ ఎత్తుల్ని కాపీ కొట్టడం వల్ల మాత్రమే కాదు, అంతకుముందు ఎవరూ ప్రయత్నించని ఎత్తులు వాళ్లే ఎక్కువగా ప్రయత్నించసాగారు. ఆల్ఫాగోని తయారుచేసిన గూగుల్ డీప్‌మైండ్ వాళ్లు నలుగురు గ్రాండ్‌మాస్టర్లతో చేసిన ప్రయోగం దీనికి ఇంకొంచెం వివరం ఇస్తుంది: ముందు పజిల్స్ సొంతంగా చేయమన్నారు, తర్వాత అవే పజిల్స్‌కి తమ చెస్ ఏఐ ఆల్ఫాజీరో వేసిన ఎత్తులు చూపించారు, ఆ తర్వాత అలాంటివే కొత్త పజిల్స్ ఏ సాయమూ లేకుండా చేయమన్నారు. మూడో విడతలో మెరుగుపడ్డారు. లీచెస్ అనే ఉచిత చెస్ సైటులో కూడా "మీ తప్పుల నుంచి నేర్చుకోండి" అని ఒక సదుపాయం ఉంది, ఆట అయ్యాక మీరు తప్పు చేసిన చోటికి తీసుకెళ్లి సరైన ఎత్తు చెప్పదు, మీరే కనుక్కోండి అంటుంది.

దీన్ని మన పనిలో పెట్టుకోవడం కష్టమేమీ కాదు, విసుగంతే. ఏఐని అడిగేముందు మీ జవాబు, ఎంత పచ్చిగా ఉన్నా సరే, నాలుగు లైన్లు రాసి పెట్టుకోండి. ఇది లేకపోతే దాని జవాబు చదవగానే "నేనూ ఇదే అనుకున్నాను" అనిపిస్తుంది, అనుకోలేదు. తర్వాత "నా వాదనలో లోపం ఎక్కడుంది" అని అడగండి, "బాగుందా" అని అడిగితే బాగుందనే అంటుంది. కొన్నాళ్లకోసారి అదే రకం పని అది లేకుండా చేసి చూసుకోండి, ఎంత మిగిలిందో తెలుస్తుంది. అన్ని పనులకీ ఈ తంతు అక్కర్లేదు. పక్క రాష్ట్రం నుంచి వచ్చిన నోటీసు తెలుగులోకి మార్చుకోవడం, మీటింగు నోట్సు కుదించడం, ఎక్సెల్ ఫార్ములా, ఈఎంఐ లెక్క, ఇవి మీ బుర్రలో లేకపోతే మీకు పోయేదేమీ లేకుంటే నిశ్చింతగా ఇచ్చేయండి. లాగరిథమ్ టేబుల్ చూడటం మర్చిపోయినందుకు ఎవరూ ఏడవలేదు. ఏ పని నాది, ఏ పని దానిది అని విడగొట్టుకోవడం మాత్రం మీరే చెయ్యాలి, అది కూడా ఏఐని అడిగితే ఇక చెప్పేదేముంది.

కష్టమంతా ఎక్కడంటే ఈ విసుగుని భరించడానికి ఎవరికీ లాభం కనబడని చోట. గుకేశ్‌కి బదులు ఆ నిర్ణయం కోచ్ తీసుకున్నారు, పదేళ్ల పిల్లాడు తనంతట తాను తీసుకోడు. ఓపెన్‌ఏఐ 2025 జులైలో చాట్‌జీపీటీకి స్టడీ మోడ్ అని ఒకటి పెట్టింది, జవాబు చెప్పకుండా ప్రశ్నలు అడుగుతూ నేర్పేది, టర్కీలో మూడో గుంపుకి ఇచ్చినదానికి దగ్గరగా ఉంటుంది. ఒక్క నొక్కుతో ఆపేయొచ్చు, రాత్రి పదకొండింటికి అసైన్‌మెంట్ ముందు కూర్చున్న బీటెక్ కుర్రాడు ఏం చేస్తాడో మనకు తెలుసు. ఆఫీసులో అయితే ఇంకో రకం. కొత్తగా చేరిన ఫ్రెషర్ బగ్ ఎక్కడుందో తనే వెతుకుతూ రోజంతా కూర్చుంటే నేర్చుకుంటాడు, టీమ్ లీడ్‌కి మాత్రం సాయంత్రానికి టికెట్ క్లోజ్ అవ్వాలి. ఆ రోజు ఖర్చు ఈ నెల లెక్కలో పడుతుంది, లాభం మూడేళ్ల తర్వాత వస్తుంది, అప్పటికి ఆ కుర్రాడు వేరే కంపెనీలో ఉంటాడు. ఇంటర్వ్యూల దగ్గర మాత్రం కంపెనీలకి సెగ తగిలింది, కనీసం ఒక రౌండు అభ్యర్థిని ఎదురుగా కూర్చోబెట్టి చేస్తామని గూగుల్ సీఈఓ సుందర్ పిచాయ్ 2025లో చెప్పారు. స్క్రీన్ వెనక సాయం లేకుండా బేసిక్స్ వచ్చో రాదో చూడాలన్నది వాళ్ల ఉద్దేశం. అదే కంపెనీలు, చేరిన మర్నాటి నుంచీ ఎంత ఎక్కువ ఏఐ వాడితే అంత మంచిదని చెబుతున్నాయి. ఈ రెండు మాటలకీ మధ్య ఆ ఫ్రెషర్ ఎక్కడ, ఎవరి టైములో నేర్చుకోవాలో ఇంకా ఎవరూ చెప్పలేదు.